సెలవు చీటీ, దాని జవాబు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక ఎక్కమంటే ఎక్కకుండా కింద ఫ్యాను పక్కన చోటు చూసుకున్న మా ఇంగ్లీషు సారుకు ప్రత్యేకంగా నమస్కారం.

నన్ను మాట్లాడమన్నప్పుడు ఏం మాట్లాడాలని కార్యదర్శిని అడిగాను. "నువ్వు ఇరవై అయిదేళ్లుగా ఏం పని చేస్తున్నవో మాకెవరికీ సమజ్ కాలేదు, అది చెప్పు చాలు" అన్నాడు. మా అమ్మ కూడా అదే మాట అంటుంది. డాక్టరు అంటే తెలుస్తుంది, వకీలు అంటే తెలుస్తుంది. సర్వర్ సైడ్ ప్రోగ్రామింగ్ అంటే హోటల్లో సర్వరేమో అనుకున్న బంధువులు ఉన్నారు. నిజానికి వాళ్లు మరీ అంత పొరబడలేదు. ఎవరో ఏదో అడుగుతారు, లోపలికి వెళ్లి తెచ్చి పెట్టాలి, ఆ బల్ల వాళ్లు అడిగింది ఈ బల్ల వాళ్లకు పెట్టకూడదు. ఈ చివరి ముక్క దగ్గరే నేను ఒకసారి తప్పు చేశాను. ఆ సంగతి చెప్పడానికే ఒప్పుకున్నాను. ముందు పని ఏమిటో చెప్పనివ్వండి.

మనందరం ఈ బడిలో సెలవు చీటీలు రాశాం. ఇంగ్లీషు సారు దానికి ఒక పద్ధతి నేర్పారు. పైన ఎవరికి రాస్తున్నామో ఉండాలి. తర్వాత ఏ తరగతి, ఏ సెక్షను, ఏ తేదీ. తర్వాత ఒక వరుస ఖాళీ వదలాలి. ఆ తర్వాతే అసలు విషయం. ఖాళీ వరుస వదలకపోతే సారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపేవారు. అప్పట్లో అది చాదస్తం అనిపించింది.

మీ ఫోనులో మీరు ఏదైనా నొక్కినప్పుడు అక్కడి నుంచి సరిగ్గా అలాంటి చీటీయే బయల్దేరుతుంది. దాన్ని రిక్వెస్ట్ అంటాం. మొదటి వరుసలో ఏం చేయమంటున్నారు, ఏ కాగితం కావాలి అని ఉంటుంది. చూపించు అనడానికి గెట్, ఇది తీసుకో అనడానికి పోస్ట్. కింద హెడర్లు: ఎవరికి, ఏ భాషలో కావాలి, లోపల ఉన్నది ఏ రకం సరుకు, ఎంత పొడవు. తర్వాత ఒక ఖాళీ వరుస. ఆ తర్వాత అసలు విషయం. ఆ ఖాళీ వరుస లేకపోతే సర్వర్‌కు హెడర్లు ఎక్కడ అయిపోయాయో తెలియదు. నేను మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది సారు ఎర్ర సిరాయే.

ఈ పద్ధతి పుట్టినప్పుడు ఇంత మర్యాద లేదు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో మొదలుపెట్టినప్పుడు చీటీ మొత్తం ఒకటే వరుస. గెట్ అని రాసి, కాగితం పేరు రాస్తే, ఆ కాగితం వచ్చి పడేది. హెడర్లు లేవు, జవాబుకు నంబరు లేదు. 1996లో హెచ్‌టీటీపీ 1.0 అని పద్ధతంతా కాగితం మీద పెట్టారు, మరుసటి సంవత్సరమే 1.1 వచ్చింది. 2022లో దాన్నంతా మళ్లీ సర్దిరాశారు. అయినా 1997 నాటి చీటీని ఇవాళ్టి సర్వర్‌కు ఇస్తే చాలా మటుకు చదివేస్తుంది. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చిందే 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. అప్పటికి నేను మెకానికల్ డిగ్రీ చేతపట్టుకుని బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాను.

ఇక జవాబు. దాన్ని రెస్పాన్స్ అంటాం. దానికీ అదే పద్ధతి, కాకపోతే మొదటి వరుసలో మూడంకెల నంబరు ఉంటుంది. 200 అంటే సరే. 300 వరుస అంటే ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లు. 400 వరుస అంటే అడిగినవాడి తప్పు, 500 వరుస అంటే జవాబు చెప్పాల్సినవాడి తప్పు. మీరందరూ చూసిన 404 అంటే నువ్వు అడిగిన కాగితం మా దగ్గర లేదని. ఈ తేడా నాకు చాలా ఇష్టం. తప్పు నీదా నాదా అని మొదటి వరుసలోనే ఒప్పుకోవాలి. కానీ మావాళ్లలో చాలామంది పైన 200 వేసి, లోపల చిన్న అక్షరాలతో 'పని కాలేదు' అని రాస్తారు. ప్రోగ్రెస్ కార్డు మీద పాస్ అని రాసి లోపల గణితంలో పన్నెండు మార్కులు చూపించినట్టు. మా టీములో కొత్తగా చేరిన పిల్లలతో నేను మొదట పెట్టుకునే తగవు ఇదే.

ఇంకో సంగతి. ఈ సర్వర్‌కు మతిమరుపు. ఒక చీటీకి జవాబు ఇవ్వగానే మీరెవరో మరిచిపోతుంది. రెండో చీటీ వస్తే మళ్లీ కొత్త మనిషే. ఎల్లమ్మ గుడి దగ్గర చెప్పుల స్టాండు ఉంటుంది కదా. ఆషాఢంలో కల్యాణం నాడు అన్ని వేలమంది ముఖాలు ఆ మనిషి ఎక్కడ గుర్తుపెట్టుకుంటాడు? టోకెన్ ఇస్తాడు. మనం దర్శనం చేసుకుని వచ్చి టోకెన్ ఇస్తే మన చెప్పులు మనకు ఇస్తాడు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లీ అనే ఆయన కుకీ అని కనిపెట్టింది అలాంటి టోకెన్నే. ప్రతి చీటీతో పాటు దాన్ని పంపిస్తే, ఓహో ఈయనా అని సర్వర్ గుర్తుపడుతుంది. టోకెన్ ఇంకొకడి చేతిలో పడితే వాడు మీ చెప్పులు వేసుకుపోతాడు, అది వేరే కథ.

నేను ఈ పనిలోకి వచ్చింది అమీర్‌పేట వల్ల. మన పేటవాళ్లకు దాని గొప్పతనం తెలియదు, పక్కనే ఉంది కదా. 1999లో ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, బస్సు దిగి, మైత్రీవనం దగ్గర సాయంత్రం జావా కోర్సులో చేరాను. అడుగడుగునా బోర్డులు, కరపత్రాలు, మొదటి రోజు ఉచితం అని కేకలు. ఒక్క గదిలో రెండు వందల మంది, చివరి వరుసవాళ్లకు పలక కనిపించదు. మాస్టారు చెప్పిన నోట్సు కింద జిరాక్స్ షాపులో దొరికేది. విజయవాడ నుంచి, కరీంనగర్ నుంచి, అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు మన బల్కంపేట గల్లీల్లో, ఎస్సార్ నగర్‌లో గదికి అయిదుగురు చొప్పున ఉండేవాళ్లు. వాళ్లు అమ్మానాన్నల పొలం డబ్బుతో వచ్చారు, నేను ఇంటి నుంచి నడిచి వెళ్లాను. ఇవాళ ఆ కూడలిలో రెండు మెట్రో లైన్లు కలుస్తున్నాయి, సత్యం థియేటర్ పోయి మల్టీప్లెక్స్ వచ్చింది. జిరాక్స్ నోట్సు మాత్రం ఇంకా దొరుకుతోంది, మొన్న చూశాను.

ఆ నోట్సులో సర్వ్‌లెట్ అని ఒక అధ్యాయం. సర్వ్‌లెట్ అంటే చీటీ చదివి జవాబు రాసే గుమాస్తా అనుకోండి. చీటీ ఒక చేతిలో, జవాబు రాయాల్సిన తెల్ల కాగితం ఇంకో చేతిలో పెడతారు. నువ్వు చేయాల్సిందల్లా ఒకటి చదివి రెండోది నింపడం. తమాషా ఏమిటంటే, వెయ్యిమంది ఒకేసారి అడిగినా గుమాస్తా ఒక్కడే. వాడికి వెయ్యి చేతులు. ఒక్కో జత చేతుల్లో ఒక్కో చీటీ, ఒక్కో కాగితం. వాటిని మేం థ్రెడ్లు అంటాం. ఆ చేతుల్లో ఉన్నది ఎవరిది వారిదే. కానీ గుమాస్తా ముందు బల్ల మీద ఒక పలక పెడితే, అది వెయ్యి చేతులకూ కలిపి ఒకటే పలక.

కోర్సు అయ్యాక ఏడాదిన్నరకు నాకు ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. దాని పేరు చెప్పను. వాళ్లు ఒక పరీక్ష ఫలితాలు ఇంటర్నెట్‌లో పెట్టే పని తీసుకున్నారు. ఏ పరీక్షో కూడా చెప్పను. అందులో ఫలితం చూపించే పేజీ నాది. హాల్ టికెట్ నంబరు తీసుకో, డేటాబేస్‌లో వెతుకు, మార్కులు చూపించు. నలభై వరుసల ప్రోగ్రాము. నంబరును మూడు నాలుగు చోట్ల వాడాలి కదా అని, నేను దాన్ని పలక మీద రాశాను. అంటే చీటీ చదివే చోట లోపల దాచకుండా, బయట అందరికీ కలిపి ఉన్న చోట దాచాను. నా కంప్యూటర్లో వందసార్లు పరీక్షించాను. వందసార్లూ సరిగ్గా వచ్చింది. వస్తుంది మరి, అడుగుతున్నది నేనొక్కడినే.

ఫలితాల రోజు పొద్దున పదకొండు గంటలకు తెరిచారు. అప్పట్లో ఇళ్లలో కంప్యూటర్లు లేవు. ఊరంతా నెట్ సెంటర్ల ముందు నిలబడింది. నంబరు చెబితే వాళ్లే కొట్టి, చిట్టీ అచ్చు తీసి ఇచ్చేవాళ్లు. సర్వర్ మీద ఒత్తిడి పెరిగింది. డేటాబేస్ దగ్గర కూడా వరుస కట్టాల్సి వచ్చింది. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఒక పిల్లవాడి నంబరు పలక మీద రాసి, నా ప్రోగ్రాము డేటాబేస్ వరుసలో నిలబడింది. ఆ లోపల ఇంకో పిల్లవాడి చీటీ వచ్చింది. ఇంకో జత చేతులు పలక తుడిచి ఆ నంబరు రాశాయి. మొదటివాడి వంతు వచ్చేసరికి పలక మీద ఉన్నది రెండోవాడి నంబరు. దాన్నే వెతికి, వాడి మార్కులే మొదటివాడికి పంపించింది. కంపెనీలో మేం మిఠాయిలు పంచుకున్నాం. సైటు పడిపోలేదు, అదే గొప్ప ఆ రోజుల్లో.

సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వస్తే మా గల్లీలో జనం గుమిగూడి ఉన్నారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల అబ్బాయి, మన బడిలో చదివినవాడే, మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు. తప్పానని తెలిసి వెళ్లిపోయాడు. బాగా చదివేవాడు, ఎవరూ నమ్మలేదు. వాళ్ల నాన్న నా చేతిలో రెండు చిట్టీలు పెట్టారు. ఒకటి వాళ్లబ్బాయిది. రెండోది వాడితో పాటు అదే నెట్ సెంటర్‌కు వెళ్లిన స్నేహితుడిది. "బాబూ, నువ్వు గీ కంప్యూటర్ల పనే కదా. ఇద్దరి మార్కులూ ఒక్క తీరుగ ఎట్లొచ్చినయి?" అన్నారు.

రెండు చిట్టీల మీద మార్కులే కాదు, హాల్ టికెట్ నంబరు కూడా ఒకటే. రెండూ స్నేహితుడి నంబరే. ఇద్దరిదీ ఒకే పరీక్షా కేంద్రం, నంబర్లలో చివరి రెండు అంకెలే తేడా. ఏడుపులో ఆ రెండంకెలు ఎవరు చూస్తారు? పక్కపక్క కంప్యూటర్లలో ఒకే క్షణంలో నొక్కారు. నాకు విషయం తెలియడానికి చిట్టీ చూసిన తర్వాత పట్టిన సమయం, గుక్క తిప్పుకునేంత.

వీధి మొగలో ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి, ఉన్నవాడి చేత ఆ అబ్బాయి అసలు నంబరు నేరుగా డేటాబేస్‌లో చూపించాను. ఫస్ట్ క్లాసు. అప్పుడు వెతకడానికి బయల్దేరాం. ఎల్లమ్మ గుడి, ప్రకృతి చికిత్సాలయం వెనక రోడ్డు, అమీర్‌పేట బస్టాపులు, ఎవరి దిక్కు వాళ్లు. తొమ్మిది దాటాక బేగంపేట రైల్వే స్టేషన్లో దొరికాడు. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే రైళ్లు చూస్తున్నాడు. వాళ్ల మామ వెళ్లి పక్కన కూర్చుని, ఏమీ అనకుండా, భుజం మీద చెయ్యి వేశాడట. నేను అక్కడ లేను. నేను ఆఫీసుకు వెళ్లాను.

ఆ రాత్రి సరిచేసింది రెండు వరుసలు. బయట ఉన్న మాటను తీసి లోపల పెట్టాను. సీనియర్ ఒకాయన సింగిల్ థ్రెడ్ మోడల్ అనేది పెడితే చాలు, వరుసలో ఒక్కొక్కరినే పంపిస్తుంది అన్నాడు. అది పనివాణ్ణి మార్చకుండా తలుపు ఇరుకు చేసినట్టు. తర్వాత 2003లో ఆ పద్ధతి వాడొద్దని జావావాళ్లే రాసేశారు. ఇంకెంతమందికి తప్పు జవాబు వెళ్లిందో చూద్దామని లాగ్ తెరిచాను. అంటే ఎవరు ఏ నంబరు అడిగారో రాసుకునే దస్త్రం. అది కూడా నేనే రాశాను. అది కూడా పలక మీద చూసే రాసుకుంది. కాబట్టి దస్త్రంలో అంతా సరిగ్గానే కనిపించింది. మర్నాడు మేనేజరు 'సాంకేతిక కారణాల వల్ల కొందరు మళ్లీ చూసుకోవాలి' అని ఒక వాక్యం పేజీ కింద పెట్టించాడు. ఎందరు చదివారో.

ఆ వారంలోనే జిరాక్స్ నోట్సు బయటికి తీశాను. సర్వ్‌లెట్ అధ్యాయం మూడో పేజీలో మాస్టారు చెప్పిన మాట ఉంది: మనిషి మనిషికి మారే సంగతులు బయట పెట్టరాదు అని. దాని కింద నా చేత్తోనే గీత గీసి ఉంది.

ఆ రాత్రి వాళ్ల నాన్నతో నేను అన్నది 'సైట్‌లో ఏదో పొరపాటు అంకుల్' అని. నా పొరపాటు అనలేదు. ఆయన పోయే వరకు అనలేదు. పైగా ఆయన ప్రతి పండక్కీ మా ఇంటికి వచ్చి, ఆ రోజు నువ్వు ఫోన్ చేయకపోతే ఏమయ్యేదో అని నాకు దండం పెట్టేవారు. ఆ దండం తీసుకుంటూ ఏళ్లు గడిపాను. 2013లో ఆయన పెద్దకర్మ అయ్యాక ఆ అబ్బాయికి చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "నాకు ఎప్పుడో తెలుసన్నా. నీ కంపెనీ పేరు పేజీ కింద ఉండె" అన్నాడు.

మిగతా తప్పులు దీని ముందు చిన్నవి. ఒకటి రెండు చెప్పి వదిలేస్తాను, తెలుగు సారు కూడా ఉన్నారు కాబట్టి. తర్వాత నేను తెలుగులో అచ్చయ్యే ధ్రువపత్రాల పని చేశాను. 'ఎల్లమ్మ' అన్న పేరు కంటికి మూడు అక్షరాలు. కంప్యూటరు దాన్ని ఏడుగా లెక్కపెడుతుంది: ఎ, ల, పొల్లు, ల, మ, పొల్లు, మ. తీగ మీద పంపేటప్పుడు యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం ఇరవై ఒకటి. జవాబు హెడర్లో పొడవు ఎంతో రాయాలని చెప్పాను కదా, అక్కడ మా కుర్రవాడు ఏడు అని రాశాడు. అవతలివైపు ఏడు బైట్లు తీసుకుని తలుపు వేసుకుంది. ఎ, ల వచ్చి, పొల్లులో మూడో వంతు వచ్చి, అక్కడ తెగింది. ఇంగ్లీషు పేర్లకు ఒక అక్షరం ఒక బైటే కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. అందుకే పరీక్షల్లో దొరకలేదు, కుర్రవాడు జాన్ అని కొట్టి చూశాడు. ఎల్లమ్మ పేట పక్కనే కూర్చుని జాన్ ఏమిటిరా అని అడిగాను. వచ్చే చీటీ విషయంలోనూ ఇంతే. ఏ లిపిలో ఉందో చెప్పకుండా చదవడం మొదలుపెడితే, అవతలామె శ్రద్ధగా కొట్టిన పేరు అయిదారు ప్రశ్నార్థకాలుగా మారేది. 2001లో వచ్చిన సర్వ్‌లెట్ పద్ధతిలో లిపి చెప్పే వీలు పెట్టారు. కానీ మొదటి మాట చదవక ముందే చెప్పాలి. చదివాక చెబితే లాభం లేదు.

ఇంకొకటి, మన అటెండర్ తాత వల్ల ముందే తెలిసిన సంగతి. నేను ఎనిమిదిలో ఉండగా సెలవు చీటీ ఇచ్చి పంపాను. గంటైనా జవాబు లేదు. పోలేదేమో అనుకుని ఇంకోటి రాసి పంపాను. తీరా చూస్తే హెడ్‌మాస్టరు మొదటిదాని మీద సంతకం పెట్టారు, తాతను దారిలో ఎవరో చాక్‌పీసులకు పంపించారు. రెండు చీటీలూ చేరి నా పేరు మీద రెండు రోజులు సెలవు పడింది. డబ్బు కట్టేటప్పుడు చక్రం తిరుగుతూ ఉండిపోతే మనం మళ్లీ నొక్కుతాం కదా, జరిగేది అదే. జవాబు రాలేదంటే చీటీ చేరలేదని కాదు. అందుకే ఇప్పుడు ప్రతి చెల్లింపు చీటీకి ఒక వరుస నంబరు వేస్తాం. అదే నంబరు మళ్లీ వస్తే డబ్బు తీసుకోకుండా మొదటి జవాబే ఇంకోసారి పంపుతాం. తాత అప్పుడే "నంబరెయ్ బిడ్డా, లేకుంటె నాకెట్ల తెలుస్తది" అన్నాడు.

నేను చెప్పిన అబ్బాయి ఇవాళ ఈ సభలో ఉన్నాడు. అబ్బాయి అంటున్నాను గాని, నలభై దాటాడు, వాళ్లమ్మాయి ఇప్పుడు ఇక్కడ తొమ్మిదో తరగతి. సభలో చెప్పనా అని పోయిన వారం అడిగితే, "చెప్పు, పేరు మాత్రం వద్దు" అన్నాడు. చెప్పి, బీరువాలోంచి ఆ చిట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. వాళ్ల నాన్న దాచారట. సిరా చాలా వెలిసిపోయింది, చివరి రెండంకెలు ఇంకా కనిపిస్తున్నాయి. నా జేబులో ఉంది. ఎవరైనా చూడాలంటే భోజనాల దగ్గర అడగండి.

కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. సార్, ఈసారి ఖాళీ వరుస వదిలాను. సెలవు.